కొసరు

ఆరున్నరకి కింద గోడౌన్ షట్టర్ లేచిన చప్పుడు వినిపించింది. మరో పది నిమిషాలకి మెట్ల మీద చెప్పుల చప్పుడు. కోడలు మంచం మీద లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది. పక్కలో పడుకున్న చంటిదాని మీద చెయ్యి వేసింది. అత్తగారు పైకి వస్తున్నారంటే కాటా వేసే వేళైందన్నమాట.

మార్కెట్లో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ కాటామ్మే. ఉల్లిపాయల టోకు వ్యాపారం. ముప్పై ఏళ్ళుగా కాటా పక్కన నిలబడేది ఆవిడే. బస్తా మీద అరచెయ్యి ఆనించి "నలభై తొమ్మిదిన్నర" అందంటే, కాటా మీదా నలభై తొమ్మిదిన్నరే పడేది. "అమ్మగారు చెప్పాక వేరే అంకె చూపించడానికి కాటాకి ధైర్యం చాలదు" అని బస్తాలు మోసే ముఠా మేస్త్రీ నవ్వేవాడు.

ఆ ఇంటి మేడ మీద పన్నెండు రోజుల కిందట ఆడపిల్ల పుట్టింది. పుట్టినప్పుడు మూడు కిలోలు. ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే కాటామ్మ కింద నుంచి చిన్న కాటా తెప్పించి మంచం పక్కన స్టూలు మీద పెట్టించింది. పైన ప్లాస్టిక్ ట్రే, ట్రేలో మెత్తటి తువ్వాలు. ఎంత తుడిచినా ఆ కాటాకి ఉల్లిపొట్టు వాసన పోలేదు.

"ఇంతకు ముందు ఎన్నింటికి పట్టావు?" అంది కాటామ్మ, గొంతు బాగా తగ్గించి.

"రెండున్నరకి అత్తయ్యా."

"నాలుగు గంటలైంది. పాలు ఊరే ఉంటాయిలే. ముందు కాటా వేద్దాం."

పిల్లని పడుకోబెట్టారు. ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి, రెండు కిలోల ఎనిమిది వందల గ్రాముల దగ్గర ఆగాయి. రెండు ఎనభై.

కోడలు పిల్లని ఒళ్ళోకి తీసుకుని రొమ్ము అందించింది. పిల్ల చివర మాత్రం పట్టుకుని చప్పరించింది. పగిలిన చోట కత్తి పెట్టి గీసినట్టయింది. దుప్పటి అంచు పిడికిట్లో నలిపేస్తూ, పళ్ళు బిగబట్టి, ఆమె గోడ గడియారం వైపే చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాలకి పిల్ల నిద్రలోకి జారింది. తట్టి లేపితే ఏడ్చింది. మళ్ళీ పట్టింది. ఇరవై నిమిషాలు గడిచాయి.

మళ్ళీ కాటా. రెండు ఎనభై.

"కదల్లేదు" అంది కాటామ్మ.

ఆ మాటలో కోపమేమీ లేదు. తక్కువ తూగిన బస్తా గురించి చెప్పినట్టే చెప్పింది. అయినా ఆ ఒక్క మాటకే కోడలు పైట సర్దుకుని తల దించుకుంది. కాటామ్మ అలమర దగ్గరికి వెళ్ళి పాలపొడి డబ్బా తీసి, మరిగించి చల్లార్చిన నీళ్ళలో కొలిచి కలిపి, సీసా తెచ్చింది. పిల్ల గుటుకూ గుటుకూ మని అరవై ఎం.ఎల్. తాగేసింది. కాటా వేశారు. రెండు ఎనభై ఐదు.

"చూశావా? తాగితే కదుల్తుంది" అంది కాటామ్మ. అని, కోడలి ముఖం చూసి తల తిప్పుకుంది.

*

అసలు ఈ నాలుగు గంటల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందంటే, క్లాసు నుంచి వచ్చింది.

ఆస్పత్రిలో ప్రతి గురువారం పొద్దున తొలిచూలు వాళ్ళకి ఒక నర్సు క్లాసు చెప్పేది. పిల్లకి పాలెలా పట్టాలి, ఎన్నిసార్లు పట్టాలి అన్నీ అందులోనే. తప్పకుండా వెళ్ళాలని పట్టుబట్టింది కాటామ్మే. "తల్లి లేని పిల్లవి. నీకెవరు చెప్తారు? నేను చెప్దామా అంటే నాకా సంగతి తెలీదు" అంది. తీరా ఆ వారం కోడలికి కాళ్ళు వాచాయి. రక్తపోటు పెరిగింది, మెట్లు దిగొద్దని డాక్టరు చెప్పింది.

"అయితే నువ్వెళ్ళు" అంది కాటామ్మ కొడుకుతో.

"నేనా? అది కడుపుతో ఉన్నవాళ్ళ క్లాసమ్మా!"

"సరుకు చూసి రమ్మంటే నాలుగు ఊళ్ళు తిరిగొస్తావు. ఇది విని రావడానికేం? చెవులున్నాయిగా."

కొడుకు వ్యాను నడుపుతాడు. సరుకు తేవడం, చేరవేయడం అతని పని. ఆరడుగుల మనిషి, పద్నాలుగు నిండు పొట్టల మధ్య ఫ్యాను కింద చివరి కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. నర్సు గుడ్డబొమ్మ ఒకటి తెచ్చి అతని చేతిలోనే పెట్టి, "తండ్రిగారూ, మీరు పట్టుకుని చూపించండి" అంది. గది గదంతా నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత నర్సు చెప్పినవన్నీ ఆ చెవుల్లోకి సగం సగమే వెళ్ళాయి. మధ్యలో వాచ్‌మన్ ఫోను. వ్యాను గేటుకి అడ్డంగా ఉంది, అంబులెన్స్ ఆగిపోయింది. పరిగెత్తి వెళ్ళి తీసి వచ్చేసరికి క్లాసు అయిపోవచ్చింది.

లోడు చీటీ వెనక అతను రాసుకొచ్చినవి మూడే మాటలు. "ఊరాలి. తూకం చూడాలి. నోరు పెద్దగా."

"ఊరాలంటే?" అని అడిగింది కాటామ్మ.

"పాలు ఊరాలటమ్మా."

"అంతేగా మరి. చెలమలో నీళ్ళు తోడేస్తే ఊరడానికి టైం పట్టదూ? పూటకీ పూటకీ మధ్య ఆగాలన్నమాట. తూకం సరే, అది మనకి చెప్పాలా! ఈ నోరు పెద్దగా ఏంట్రా?"

కొడుకు నెత్తి గోక్కున్నాడు. "ఏమో అమ్మా. గుర్తు రావట్లేదు."

"నోరు పెద్దది చెయ్యొద్దని అయ్యుంటుంది. పచ్చి బాలింత దగ్గర గట్టిగా మాట్లాడకూడదు. మంచి మాటే."

ఆ రోజు ముగ్గురూ నవ్వుకున్నారు. పిల్ల పుట్టాక ఆ మూడు మాటలే ఇంటికి చట్టమయ్యాయి. నాలుగు గంటలు ఆగి రొమ్ము పట్టడం. మధ్యలో పిల్ల ఏడిస్తే సీసా. పట్టే ముందొక కాటా, పట్టాక ఒక కాటా. మాటలు మాత్రం గుసగుసల్లోనే. మార్కెట్టంతా వినబడే గొంతు ఉన్న కాటామ్మ కూడా మేడ మెట్లెక్కేసరికి గొంతు దించేసేది.

మొదట్లో గుండెలు రాళ్ళలా గట్టిపడి జ్వరం తగిలింది. రెండు రోజులకి జ్వరం తగ్గింది, గట్టితనమూ తగ్గింది. కోడలు దాన్ని మంచిదే అనుకుంది. ఆ తర్వాత రోజు రోజుకీ మెత్తబడుతూ వచ్చాయి. రోజుకి ఆరుసార్లు కాటా. ఆరుసార్లూ సున్నా. ఏ మూడు రోజులకో ఒకసారి అంకె ఒక మెట్టు ఎక్కేది. ఆ పూట ఆమెకి అన్నం సహించేది. మర్నాడు మళ్ళీ సున్నాలే. ఎన్ని సున్నాలు కూడినా సున్నానే కదా.

*

ఆ ఉదయం సీసా కడిగి బోర్లించాక కాటామ్మ మంచం అంచున కూర్చుంది.

"ఒక మాట చెప్తాను, ఏడవకూడదు."

కోడలు తల ఊపింది. అప్పటికే కళ్ళు నిండాయి.

"ఇవాళ ఇంకో రెండు పూటలు చూద్దాం. పదిన్నరకి, రెండున్నరకి. అప్పటికీ కదలకపోతే ఇక రొమ్ముకి పెట్టొద్దు. పూర్తిగా డబ్బానే. నీకు నొప్పి తప్పుతుంది, దానికి ఆకలి తప్పుతుంది. లేని సరుకు కోసం గిరాకీని ఎంతసేపు నిలబెడతాం చెప్పు?"

"ఇంకో వారం చూద్దాం అత్తయ్యా."

"వారంలో పిల్ల ఏమైపోతుంది? మూడు కిలోలది రెండు ఎనభైకి వచ్చింది. నేను ఒప్పుకోను."

ఆవిడ దిగి వెళ్ళిపోయింది. కోడలు పిల్ల పక్కన పడుకుని దాని ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది. చిట్టి గడ్డం, నిద్రలో కూడా చప్పరిస్తున్న పెదాలు. తొమ్మిది నెలలు మోసినప్పుడు దీనికి ఏది కావాలో తన ఒంటికి తెలిసింది. ఎముక పెట్టింది, గోరు పెట్టింది, వెంట్రుక పెట్టింది. బయటికొచ్చాక ఒక్క చుక్క ఇవ్వలేకపోతోంది. 'నా ఒంట్లో తల్లితనం లేదేమో' అనుకుంది. 'అమ్మ ఉంటే అడిగేదాన్ని. అమ్మకి ఎలా ఉండేదో అదీ తెలీదు.' నాన్నకి ఫోను చేద్దామనుకుంది. చేసి ఏమని అడుగుతుంది?

పదిన్నరకి పట్టింది. కదల్లేదు.

పన్నెండింటికి పిల్ల లేచి పిడికిలి నోట్లో పెట్టుకుని అటూ ఇటూ వెతికింది. ఇంకా రెండున్నర కాలేదు. ఊరి ఉండవు. ఉన్న కాస్తా ఇప్పుడే ఇచ్చేస్తే రెండున్నరకి ఏం చూపిస్తుంది? ఆమె పిల్లని భుజాన వేసుకుని గదిలో ఇరవై అడుగులు ఇటు, ఇరవై అడుగులు అటు నడిచింది. వెచ్చని నోరు మెడ మీద వెతుకుతోంది. రొమ్ము లాగింది. చెయ్యి అడ్డం పెట్టుకుని సీసా అందుకుంది. ఆ సీసా నోటికి అందిస్తుంటే దొంగతనం చేస్తున్నట్టనిపించింది. ఎవరి సొమ్ము ఎవరు దొంగిలిస్తున్నారో మాత్రం అర్థం కాలేదు.

రెండింటికి వంటింట్లోకి నీళ్ళ కోసం వెళ్ళింది. బుట్టలో ఉల్లిపాయలున్నాయి. చిన్నదొకటి, పిడికిట్లో ఇమిడిపోయేది, విడిగా ఉంది. దాని వైపు చూస్తూ నిలబడింది.  ఈ ఇంట్లో ఏ తప్పు చేసినా క్షమిస్తారు, కాటా దగ్గర తప్పు చేస్తే క్షమించరు. పెళ్ళైన కొత్తలో, ముల్లు మీద వేలు ఆనించాడని పన్నెండేళ్ళ పాత గుమస్తాని కాటామ్మ గంటలో పంపేయడం ఆమె కళ్ళారా చూసింది.

ఉల్లిపాయ తీసి కొంగులో దాచుకుంది.

*

రెండున్నరకి కాటామ్మ వచ్చింది. భోజనానికి వచ్చిన కొడుకు కూడా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాటా వేశారు. రెండు ఎనభై.

పాతిక నిమిషాలు పట్టింది. చెంపల మీద నీళ్ళు జారుతున్నాయి, పిల్ల తల మీద పడకుండా ఒక చేత్తో తుడుచుకుంటూనే ఉంది. రెండో పక్క కూడా పట్టింది. అయ్యాక, "నేనే పడుకోబెడతాను అత్తయ్యా" అంటూ లేచింది. తువ్వాలు సర్దుతున్నట్టు వంగి, మడతలోకి ఉల్లిపాయ జార్చి, పైన పిల్లని పెట్టింది. కళ్ళు మూసుకుంది.

"రెండు ఎనభై" అంది కాటామ్మ. "కదల్లేదు."

కోడలు కళ్ళు తెరిచింది. అంకెల వైపు చూసింది. మళ్ళీ చూసింది. తువ్వాలు మడత ఉబ్బెత్తుగా ఉంది. ఉల్లిపాయ అక్కడే ఉంది. కాటా మీద మాత్రం లేదు.

 "అదేంటి..." అని పైకే అనేసింది.

"ఏంటి?" అంటూ కాటామ్మ పిల్లని ఎత్తుకుంది. తువ్వాలు అంచు చేతికి చిక్కి జారింది. ఉల్లిపాయ స్టూలు మీద పడి, అక్కడి నుంచి నేల మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి కొడుకు పాదాల దగ్గర ఆగింది.



"కాటా దగ్గర మోసమా?" అంది కాటామ్మ. గొంతు ఇంకా గుసగుసలోనే ఉంది, అందుకే మరీ భయంగా ఉంది. "నా ఇంట్లో? పసిదాని తూకంలోనా?"

"అమ్మా, ఆగు..." అన్నాడు కొడుకు.

"నువ్వు నోరుముయ్యి! పిల్ల ఆకలితో మాడుతుంటే ఉల్లిపాయతో లెక్క సరిచేస్తుందా? ఇది తల్లి చేసే పనేనా?"

"మోసమే చేశాను!" అని అరిచింది కోడలు. పన్నెండు రోజుల తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి నోరు పెద్దదైంది. కింద ముఠావాళ్ళ మాటలు కూడా ఠక్కున ఆగిపోయాయి. "మోసమే చేశానత్తయ్యా! చేసినా కదల్లేదు! ఉల్లిపాయ పెట్టినా కదల్లేదు! మీకు కనబడట్లేదా? దాని కింద అంత ఉల్లిపాయ ఉంది, మీ కాటా లేదంటోంది! మరి నా పాలు లేవని ఎలా చెప్పింది? ఎలా నమ్మాను నేను?"

ఆమె నేల మీద కూలబడింది. ఏడుపు గొంతులోంచి కాదు, ఇంకా కింద ఎక్కడి నుంచో వస్తోంది.

కాటామ్మ పిల్లని కొడుక్కి అందించింది. వంగి ఉల్లిపాయ తీసి అరచేతిలో పెట్టుకుంది. ఒక్కసారి చెయ్యి పైకీ కిందికీ ఆడించింది.

"ముప్పై ఐదు" అంది తనలో తను.

దాన్ని కాటా మీద పెట్టింది. సున్నా. వంటింట్లోకి వెళ్ళి అలాంటిదే ఇంకొకటి తెచ్చి పక్కన పెట్టింది. యాభై. రెండూ తీసేసింది. మళ్ళీ ఒకటి పెట్టింది. సున్నా.

"ఇది సరుకు తూచే కాటా" అంది.  "యాభై గ్రాములకి గాని అంకె మారదు. నాకు తెలుసు. తెలీకపోవడమేంటి? రోజూ చేసేదే కదా. తూకం అయ్యాక కొనేవాడి సంచిలో ఒక చిన్న ఉల్లిపాయ కొసరు వేస్తాను. కాటాకి తగలదు కాబట్టే వేస్తాను. ముప్పై ఏళ్ళుగా వేస్తున్నాను." ఆవిడ స్టూలు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. "పూటకి పిడికెడు పొట్టలోకి ఎంత పోతుంది? కొసరంతే పోతుంది. ఆ కొసరే దానికి అన్నం. నేను దాన్ని లెక్కలో వెయ్యలేదు."

కొడుకు పిల్లని గుండెకి ఆనించుకున్నాడు. పిల్ల అతని ఛాతీ మీద నోరు తెరిచి వెతుకుతోంది.

"నిన్ను బాధపెట్టాలని కాదే అమ్మాయ్" అంది కాటామ్మ. ఇప్పుడు ఆవిడ కూడా ఏడుస్తోంది. "వీడు పుట్టినప్పుడు నాకూ ఇంతే. మూడో వారానికి ఎండిపోయాను. వీడు ఏడ్చి ఏడ్చి నీలంగా అయిపోయాడు. గొడ్డు రొమ్ములని మా అత్త ఇరుగూ పొరుగూ అందరికీ చెప్పింది. ఆ మాట పడలేకే పైన కూర్చోలేక గోడౌన్‌లోకి దిగాను. మళ్ళీ నా ఇంట్లో ఒక పిల్ల ఆకలితో ఏడవకూడదనుకున్నాను. ముందే చూసుకుందాం, ముందే డబ్బా పెడదాం అనుకున్నాను. అంతేనే."

కోడలు మోకాళ్ళ మీద జరిగి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్యా ఆ రెండు ఉల్లిపాయలూ ఉన్నాయి. 

"పిల్ల వెతుకుతోంది" అన్నాడు కొడుకు చివరికి.

కోడలు గడియారం వైపు చూసింది. పట్టి అరగంట కూడా కాలేదు.

"గడియారం చూడకు" అంది కాటామ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "పట్టు. రేపు గురువారం. ముగ్గురం క్లాసుకి పోదాం. వీడు రాసుకొచ్చిన దాని మీద ఇంకో పూట నమ్మకం పెట్టుకోను."

*

ఆ గదిలో ఈసారి పదకొండు మంది ఉన్నారు, అందరూ తొలిచూలు వాళ్ళే. కొడుకుని చూడగానే నర్సు గుర్తుపట్టింది. "తండ్రిగారూ! బొమ్మకి బదులు అసలుదాన్నే తెచ్చారే" అంది. అతను జేబులోంచి నలిగిన లోడు చీటీ తీసి ఇచ్చాడు. మూడు మాటలూ చదివి నర్సు నవ్వబోయి, కోడలి ముఖం చూసి ఆగిపోయింది.

"ఊరాలి అన్నది నేనే. కానీ 'తాగేకొద్దీ ఊరతాయి' అన్నాను. ఆగితే ఊరవమ్మా. ఆగితే ఒళ్ళు ఇక అక్కర్లేదు కాబోలు అనుకుంటుంది. పిల్ల ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు ఇవ్వాలి. రోజుకి పది సార్లు కావచ్చు, పన్నెండు కావచ్చు. తూకం వారానికోసారి, ఇక్కడ, చంటిపిల్లల కాటా మీద. ఇక నోరు పెద్దగా అన్నది..."

"అరవొద్దని కదా?" అంది కాటామ్మ.

"కాదు పెద్దమ్మా, పిల్ల నోరు! పిల్ల నోరు బాగా పెద్దగా తెరిచాక రొమ్ము అందించాలి. చివర మాత్రమే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి. లేకపోతే తల్లికి పుండ్లు, పిల్లకి పస్తు."

పదకొండు మందీ ముందుకి వంగారు. నర్సు తెర చాటుకి తీసుకెళ్ళి కోడలి వీపు వెనక దిండు పెట్టింది. పిల్ల పొట్టని తల్లి పొట్టకి ఆనించింది. పై పెదవికి రొమ్ము తగిలించి ఆగింది. పిల్ల నోరు తెరిచింది. "ఇంకా" అంది నర్సు. ఇంకా తెరిచింది. "ఇప్పుడు." కోడలు అలవాటు కొద్దీ పళ్ళు బిగించింది. నొప్పి రాలేదు. ఆశ్చర్యంగా నర్సు వైపు చూసింది.

"డబ్బా ఒక్కసారిగా మానకండి" అంది నర్సు తెర ఇవతలికి వచ్చాక. "రొమ్ము పట్టాక, ఇంకా అడిగితే చిన్న గిన్నెతో కొంచెం. రోజురోజుకీ అది తగ్గించుకుంటూ రండి. మూడు రోజులకోసారి నాకు చూపించండి. పిల్లకి ప్రమాదమేమీ లేదు. పోయిన పాలు మళ్ళీ వస్తాయి, కానీ కొంచెం ఓపిక పట్టాలి."

కొడుకు పిల్లని ఎత్తుకుని వరండాలోకి వెళ్ళాడు. క్లాసు సాగింది. చివర్లో నర్సు, "ఎవరికైనా అనుమానాలున్నాయా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. వెనక కుర్చీలోంచి కాటామ్మ చెయ్యెత్తింది. మార్కెట్లో యాభై మందిని ఒక్క కేకతో ఆపే మనిషి, బడిపిల్లలా చెయ్యి ఎత్తింది.

"పాత సంగతి. అడగొచ్చా?"

"అడగండి పెద్దమ్మా."

"నాకు లేవన్నారు. ముప్పై ఏళ్ళ కిందట. పిండి చూశారు, రెండు చుక్కలు వచ్చాయి, లేవన్నారు. నాకు... నిజంగానే లేవా?"

నర్సు ముందు వరుస దాటి వెనక్కి నడిచింది. వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది. "అప్పుడు నేను చూడలేదు కదా. లేవని చెప్పలేను, ఉన్నాయనీ ఒట్టు వెయ్యలేను. కొంతమందికి నిజంగానే చాలవు. అది ఎవరి తప్పూ కాదు. ఎన్ని గంటలకోసారి పట్టేవారు?"

"నాలుగింటికోసారి. ఊరాలని మా అత్త..." కాటామ్మ ఆగిపోయింది.  "మా అత్తకి ఎవరు చెప్పారో."

నర్సు ఆవిడ చెయ్యి పట్టుకుంది.  

కోడలు లేచి వెళ్ళి అత్తగారి కుర్చీ ముందు కూర్చుని ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంది. కాటామ్మ ఆ తల మీద చెయ్యి వేసి, ముప్పై ఏళ్ళ ఏడుపు గట్టిగానే ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. కడుపుతో ఉన్నవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు వరండాలో చంటిది కెవ్వుమంది. ఆకలి ఏడుపు.

కోడలు తలెత్తింది. గుండెల్లో ఏదో జివ్వుమని లాగింది. సూదులు పొడిచినట్టు, తిమ్మిరెక్కినట్టు. ఏం జరుగుతోందో తెలీక రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి జాకెట్టు మీద రెండు తడి మచ్చలు పరుచుకుంటూ పెద్దవవుతున్నాయి.

కాటామ్మ ఏడుపు ఆపేసింది. చూసింది.

"చేపింది!" అంది. తర్వాత గది అదిరేలా కేకేసింది. "చేపిందే అమ్మాయ్! పిల్ల గొంతు వినగానే చేపింది!"

"చేపడమంటే?" అని అడిగింది ముందు వరుసలో ఒక అమ్మాయి, తన పొట్ట పట్టుకుని.

"పిల్ల కోసం పాలు వాటంతటవే ఉరికి రావడమమ్మా. నీకూ వస్తాయి, చూద్దువు గాని" అంటూనే కాటామ్మ గుమ్మం వైపు తిరిగింది. "ఒరేయ్, వినబడట్లేదా? పిల్లని ఆడించింది చాలు, లోపలికి తే!"

అతను పరిగెత్తుకొచ్చాడు. కోడలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కొంగు కప్పుకుంది. పిల్ల పొట్టని తన పొట్టకి ఆనించుకుని, దాని నోరు పెద్దగా తెరుచుకునేదాకా ఆగి, దగ్గరికి లాక్కుంది. ఒక్క క్షణం చప్పరింపు. తర్వాత లోతుగా ఒక గుటక. ఆగి, ఇంకొకటి. ఇంకొకటి.

ఫ్యాను కట్టెయ్యమని ఎవరో అన్నారు. ఎవరో కట్టేశారు. పదకొండు మంది కాబోయే తల్లులూ, ఒక నర్సూ, చెంపలు తడిసిన ఒక నాయనమ్మా మాట్లాడకుండా ఆ గుటకలు వింటూ కూర్చున్నారు.